మృగశిర కార్తెలో మృగశిర కనబడదేం?

బరంపురం గ్రూప్ సభ్యులకు నమస్కారం.

కార్తె అన్న మాటలోనే జవాబుంది. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరుంటే అదే కార్తె. జూన్ 8 ప్రాంతంలో మృగశిర సూర్యుడి వైపే ఉంటుంది, పగలే పొడిచి పగలే గుంకుతుంది. ఆరు నెలలకు భూమి తన కక్ష్యలో అవతలి వైపు చేరాక అదే నక్షత్రం మన నడిరాత్రి ఆకాశంలోకి వస్తుంది. మార్గశిర పున్నమి చంద్రుడు మృగశిర చెంతనే ఉండేది అందుకే. పున్నమినాడు చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కదా!

చుక్కలు రోజుకు ఎంత ముందుగా గుంకుతాయో మీరే కొలిచి చూడండి. డాబా మీద సుద్దతో గుర్తు పెట్టి, అక్కడే కుర్చీ వేసుకుని, ఒక కన్ను మూసి, పడమట మఖ నక్షత్రం వాటర్ ట్యాంకు అంచు వెనక ఏ నిమిషానికి దాగుతుందో రాసుకోండి. మర్నాడు 4 నిమిషాలు ముందే దాగుతుంది. నెలకు 2 గంటలు. చుక్కల లెక్కన భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 23 గంటల 56 నిమిషాలే. ఈలోగా కక్ష్యలో దాదాపు 1 డిగ్రీ జరుగుతుంది కాబట్టి, సూర్యుడికి మళ్లీ ఎదురవడానికి ఆ మిగతా 4 నిమిషాలు.

లెక్క తప్పితే ముందు కుర్చీని అనుమానించండి. ట్యాంకు 20 మీటర్ల దూరంలో ఉంటే, తల 35 సెంటీమీటర్లు పక్కకు జరిగితే చాలు, 4 నిమిషాల తేడా వచ్చేస్తుంది. శుక్రుణ్ణో గురుణ్ణో ఎంచుకోవద్దు, అవి సొంతంగా కదులుతాయి.

సప్తర్షులు ఏడాదంతా కనబడతాయన్నది ఉత్తరాది దేశాల మాట. ఇక్కడ ధ్రువ నక్షత్రం 19 డిగ్రీల ఎత్తే. అందుకే నవంబరు సాయంత్రాలు సప్తర్షులు దిగంతం కిందే ఉంటాయి.

మబ్బు వల్ల ఒక రాత్రి పోతే 4 బదులు 8 నిమిషాలు లెక్క వేసుకోండి.