తీసేయడం తేలికైతే సరిపోదు
కార్మికుల్ని తొలగించడం సులువు చేస్తే ఉద్యోగాలు వాటంతటవే పెరుగుతాయన్న వాదన నమ్మదగ్గది కాదు. కేంద్రం తెచ్చిన కార్మిక చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చాక 300 మంది కంటే తక్కువున్న ఫ్యాక్టరీలకు తొలగింపులకు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. పాత చట్టంలో ఆ హద్దు 100. డెన్మార్క్‌లోనూ తొలగింపు తేలికే, కానీ అక్కడ నిరుద్యోగ బీమాలో ఉన్నవారికి రెండేళ్ల దాకా భృతి, కొత్త పనిలో శిక్షణ అందుతాయి. 2009 మాంద్యంలో జర్మనీ పనిగంటలు తగ్గించి, కోతపడిన జీతంలో కొంత ప్రభుత్వం తరఫున ఇచ్చి ఉద్యోగాలు నిలబెట్టింది. ఆ ఏడాది అక్టోబరులోనే అమెరికాలో నిరుద్యోగం 10 శాతానికి చేరింది. మా పారిశ్రామికవాడలో ఏళ్ల తరబడి ఒకే మెషిన్ మీద పనిచేసే కుర్రాళ్ల ఐడీ కార్డుపై కాంట్రాక్టరు పేరే ఉంటుంది. ఆర్డర్లు తగ్గిన నెలలో కార్డు వెనక్కి తీసుకుని గేటు బయటే ఆపేస్తారు. నోటీసూ లేదు, పరిహారమూ లేదు. తొలగించిన కార్మికుడికి కొత్త నైపుణ్యం కోసం 15 రోజుల వేతనం ఇవ్వాలని కోడ్ చెబుతోంది. ఇల్లు గడవని టెన్షన్‌లో పదిహేను రోజుల్లో ఎవరు కొత్త పని నేర్చుకోగలరు? దాన్ని మూడు నెలల వేతనానికి పెంచి కాంట్రాక్టు కార్మికులకూ వర్తింపజేయాలి, ఆ సొమ్ము కాంట్రాక్టరుకు వదిలేయకుండా అసలు కంపెనీ నుంచే వసూలు చేయాలి.
— ఒక పాఠకుడు, హైదరాబాద్