ఎంత చూపించింది?

కోవూరు,
ఆదివారం, తెల్లవారుజాము

అమ్మడూ,

ఇక్కడ అందరం క్షేమం. ఫోనుండగా ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. ఫోనులో అయితే "మీటింగులో ఉన్నాను నాన్నా" అంటావు. కాగితంతో ఆ మాట అనలేవు కదా.

కింది గుంటలో రొయ్య బాగానే ఎదుగుతోంది. మొన్నటి వానకు నీళ్లు మారితే సున్నం చల్లించాను. కౌంటు అరవైకి వచ్చింది, అంటే కిలోకు అరవై రొయ్యలు. ఇంకో రెండు వారాలు ఆగుదామని నేను, ఇప్పుడే పట్టేద్దామని మీ చిన్నాయన. ఆయన మోకాలు ఎప్పటిలాగే ఉంది. డాక్టరు నడవమంటే కూర్చుంటాడు, కూర్చోమంటే గట్ల మీద తిరుగుతాడు. మన ఇంట్లో ఎవరు ఎవరి మాట విన్నారు కనుక!

సరోజత్త మీ అమ్మకు ఫోను చేసింది. గురువారం సాయంత్రం నువ్వు పరుగు నుంచి వస్తూ మెట్ల మీద కూలబడ్డావట, వాచ్‌మన్ భార్య నీళ్లు తెచ్చి ఇచ్చిందట. సరోజత్త గోరంతను కొండంత చేస్తుందని నాకు తెలియనిది కాదు. నువ్వేమో అమ్మతో "పిక్కలు పట్టేశాయి, అంతే" అన్నావు. సరే, పిక్కలే అనుకుందాం. ఆ తర్వాత మూడు రోజులుగా బొటనవేలి బొమ్మ తప్ప నీ దగ్గర నుంచి ఒక్క మాట లేదు.

నిన్ను పరుగు మానమనను. మానమన్నా మానవు. ఒక్కటే అడుగుతాను. అప్పుడు షుగరు మీటరు ఎంత చూపించింది?

పిక్క పట్టేస్తే ఒకచోట ముడిపడుతుంది, కేక పెట్టేంత నొప్పి ఉంటుంది, సాగదీసి నలిపితే వదులుతుంది. షుగరు పడిపోతే సాధారణంగా నొప్పి ఉండదు. రెండు తొడలూ ఒకేసారి పట్టు వదిలేస్తాయి, చేతులు వణుకుతాయి, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుంటుంది. అయితే పరిగెత్తేవాళ్లకు చెమట ఎలాగూ పడుతుంది, గుండె ఎలాగూ దడదడలాడుతుంది. అందుకే కాళ్లను అడిగితే నిజం చెప్పవు, వేలు పొడిచే సూదిని అడగాలి. షుగరు చూడటానికి చేతికి అంటించుకున్న ఆ సెన్సారు చర్మం కింది నీటిని చూస్తుందే కాని రక్తాన్ని కాదు. పరుగులో షుగరు గబగబా దిగుతుంటే అది కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఇవన్నీ నీకు తెలుసు. తెలిసినా చెబుతాను.

మైపాడు బీచ్ గుర్తుందా? నువ్వు ఏడో తరగతి. అమ్మ నీ తొడకు ఇంజెక్షన్ వేసి పులిహోర పెట్టింది. నువ్వు సగం తిని, సగం బాబీగాడి విస్తట్లో పడేసి, వాళ్లతో పరుగు. సూది పొడిచిన కాలితోనే పరిగెత్తితే ఇన్సులిన్ తొందరగా ఎక్కుతుందని అప్పటికి మనకెవరికీ తెలియదు. కాసేపటికి తడి ఇసుకలో చతికిలబడి "కాళ్లలో ఇసుక పోసినట్టుంది నాన్నా" అన్నావు. అందరూ నవ్వారు. కాళ్లు ఇసుకలోనే ఉన్నాయి మరి! నీ చేతిలో మలై కాజా ముక్క, తినలేక పట్టుకుని కూర్చున్నావు. నేను మీటరు తీసి వేలు పొడిచాను. 214. "చూశావా, ఎక్కువే ఉంది, నాలుగడుగులు వేస్తే దిగుతుంది" అని చెయ్యి పట్టుకుని పడవల దాకా నడిపించాను. నువ్వు ఎదురు చెప్పలేదు. నువ్వు ఎదురు చెప్పలేదంటేనే నాకు అనుమానం రావాల్సింది. మీ అమ్మ పరిగెత్తుకొచ్చి నీ వేలు చూసి, "దీనికి పాకం అంటుకుని ఉందయ్యా" అంది. సీసాలోని నీళ్లతో కడిగి, తుడిచి, మళ్లీ పొడిచింది. 52. టీ కొట్టతను డబ్బు కూడా అడగకుండా గ్లాసులో పంచదార పోసి ఇచ్చాడు. కాజా పెడదామంటే అందులో నెయ్యి, మీగడ. అది అరిగి రక్తంలోకి వచ్చేసరికి ఆలస్యమవుతుందని అమ్మ ఒప్పుకోలేదు. పావుగంటకు 81. మీ అమ్మ ఆ 214 సంగతి ఇప్పటికీ నెలకోసారి ఎత్తుతుంది, ముఖ్యంగా నేను లెక్కల్లో గట్టివాణ్ణని ఎవరితోనైనా చెప్పుకుంటుంటే.

ఆ రాత్రి మూడింటికి గుంట మీదికి వెళ్లబోతూ ఎందుకో నీ వేలు పొడిచి చూశాను. మళ్లీ 64. అన్నం తినే పడుకున్నావు, అయినా అంతే. పరిగెత్తేటప్పుడు కండ ఇన్సులిన్ కోసం ఆగకుండా రక్తంలోని చక్కెర లాగేసుకుంటుంది. ఆ తర్వాత, ఒక్కోసారి మర్నాటి దాకా, ఖర్చయిన నిల్వను నింపుకుంటూనే ఉంటుంది. మామూలు మనిషికైతే ఒళ్లే ఇన్సులిన్ తగ్గించుకుంటుంది. మనం పొడిచిన దాన్ని వెనక్కి లాగలేం. గుంటా ఇంతే. పగలు నీళ్లు నిగనిగలాడుతుంటాయి, తెల్లవారుజాముకు ఆక్సిజన్ అడుగంటి రొయ్య పైకి తేలుతుంది. అందుకే ఆ వేళకు లేచి నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు చూసేవాణ్ణి, వచ్చేటప్పుడు నీ మంచం దగ్గర ఆగేవాణ్ణి. ఇప్పుడు ఏరేటర్లకు కుర్రాణ్ణి పెట్టాను. మెలకువ మాత్రం మూడింటికే వస్తోంది.

గురువారం రాత్రి నీ గదిలో ఎవరైనా ఉన్నారా? నీతో గదిలో ఉండే అమ్మాయి ఊరికి వెళ్లిందని అమ్మ అంటోంది.

సాయంత్రం పరిగెత్తిన రోజు రాత్రి వేసుకునే మోతాదు ఎంత తగ్గించాలో మీ డాక్టరునే అడుగు, ఇంటర్నెట్టును కాదు. పరుగుకు ముందు 90 కూడా లేకపోతే ఏదైనా తిని బయలుదేరు. 70 కంటే దిగితే మూడు చెంచాల పంచదార, పావుగంట ఆగి మళ్లీ వేలు పొడిచి చూడు. అంతవరకూ కూర్చో, మెట్లెక్కకు. చూశావా, ఉపన్యాసం వద్దనుకుంటూనే మొదలుపెట్టాను.

రేపటి బస్సులో పార్సిలు వేస్తున్నాను. పైన గోంగూర పచ్చడి, దాని కింద పొదలకూరు నిమ్మకాయలు, అడుగున గ్లూకోజ్ పొట్లాలు పది. నిమ్మకాయలు నలిగితే పొట్లాలు తడుస్తాయని అమ్మ వేరే కవరులో చుట్టింది. రెండు పొట్లాలు పరుగు ప్యాంటు జేబులో పెట్టి, జిప్పు వేసుకో. జిప్పు లేని ప్యాంటయితే చెప్పు, సుబ్బారాయుడితో కుట్టించి పంపుతాను.

గురువారం అంకె మీటరులోనే ఉంటుంది, వెనక్కి నొక్కి చూడు. అది ఒక్కటి పంపు. బొటనవేలు వద్దు.

ఆశీస్సులతో,
నాన్న