యారాడ తీరానికి ఇద్దరు గజ ఈతగాళ్లను ఇవ్వండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారములు.

మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం ఉన్న విశాఖపట్నం దగ్గరి యారాడలోని ఒక చిన్న హోటలుకు నేను ఏటా వెళ్లి నాలుగు రోజులు ఉండి వస్తాను. సింధియా దాటి ఘాట్ రోడ్డు ఎక్కి దిగవలసిన ఆ ఊరి గురించి మీకు చెప్పనక్కరలేదు. రెండేళ్లలో మూడు అర్జీలు పెట్టుకోగా మూడింటికీ 'పరిశీలనలో ఉన్నది' అనే జవాబే వచ్చింది కనుక ఇలా అందరి ఎదుటా రాయవలసి వచ్చింది.

యారాడ తీరంలో కెరటాలు ఒడ్డుకు తెచ్చిన నీరు ఒకచోట సన్నని పాయగా లోపలికి తిరిగి పోతుంది. ఆ పాయలో కెరటం విరగదు, నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకే పిల్లలతో వచ్చినవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. నీరు లాగినప్పుడు ఒడ్డుకేసి ఎదురీదకుండా పక్కకు ఈదాలని చెప్పే మనిషి గానీ, బోర్డు గానీ నేనున్న రోజుల్లో కనిపించలేదు.

హోటలు వసారాలో కొబ్బరి తాడు కట్టిన లారీ ట్యూబు ఒకటి వేలాడుతూ ఉంటుంది. పిల్లల ఆటకేమో అనుకునేవాణ్ణి. కిందటి కార్తీకంలో వనభోజనాల ఆదివారం నాడు, మాకు అట్లు వేస్తున్న యజమాని ఒడ్డు నుంచి కేక వినగానే అట్లకాడ అక్కడే పడేసి, ఆ ట్యూబు భుజాన వేసుకుని పరుగెత్తాడు. ఇద్దరు జాలరులు తాడు పట్టుకోగా ఇంటర్ చదివే కుర్రవాణ్ణి బయటకు లాగారు. పిల్లవాడు బతికాడు. అంబులెన్సు కొండ దిగి వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది, అంతసేపూ ఆ తల్లి తడి ఇసుకలో కొడుకు అరికాళ్లు రుద్దుతూనే ఉంది. ఆ రాత్రి తాడు ఒరుసుకుపోయిన అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ, "మాస్టారూ, నేను ఊళ్లో లేని ఆదివారం ఏటవుతాదండీ?" అని ఆయన అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ ప్రశ్నను మీకే పంపుతున్నాను.

2020లో విశాఖలోనే ఉన్న రుషికొండ తీరానికి, శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు ఉత్తరాంధ్రవాసిగా గర్వపడ్డాను. 2024లో పర్యాటకానికి పరిశ్రమ హోదా ప్రకటించినప్పుడూ సంతోషించాను. ఆ హోదాతో జనం పెరుగుతారు, కానీ అదే నగరపు తీరంలో యారాడకు వచ్చినవాళ్ల ప్రాణం ఒక హోటలు యజమాని వసారాలోని ట్యూబు మీద ఆధారపడి ఉండడం న్యాయమా?

రిసార్టులు అడగడం లేదు. ఆ ఊరి జాలరి యువకులకే శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి ఇద్దరిని చీకటి పడేదాకా ఒడ్డున ఉంచండి. నీరు లాగే చోట ఎర్రజెండా పాతించండి. సెలవు రోజుల్లో ఒక అంబులెన్సును కొండకు ఆవల, ఊళ్లోనే నిలపండి. వచ్చే కార్తీకంలో మళ్లీ ఆ హోటలుకే వెళ్తున్నాను, దయచేసి ఆలోగానే ఈ పని చేయించండి.

ఇట్లు,
విజయనగరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు