సంక్రాంతికి నువ్వు చెప్పిన మాట

కందుకూరు,
ఆదివారం.

చి.ల.సౌ. అమ్మడికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఫోనుండగా ఉత్తరమేందని నవ్వుతావు. ఫోన్లో అయితే నీ పక్కన మీ అత్తగారో, నా పక్కన మీ నాన్నో ఉంటారు. ఇది నువ్వొక్కదానివే ఉన్నప్పుడు చదువు.

ముందు నా సంగతి. తల తిరుగుడు పోయింది. ఆ రోజు అటక మీది ఆవకాయ జాడీ కోసం తలెత్తానో లేదో, ఇల్లంతా గిర్రున తిరిగింది. 2022లో మన కందుకూరును ప్రకాశంలోంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు కూడా నాకింత తిరగలేదు. మీ పెద్దమ్మ పైత్యమని నిమ్మకాయ నీళ్లు తాగించింది. ఇక్కడొకాయన మెడకు ఎక్స్‌రే తీయించి, ఎముక అరిగిందని పట్టీ పెట్టించాడు. నెల రోజులు కాడి మోసే ఎద్దులా తిరిగాను. కుడివైపు ఒత్తిగిల్లితే మంచం మళ్లీ తిరిగేది.

చివరికి నెల్లూరులో చెవి డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన మంచం మీద కూర్చోబెట్టి, నా తల కుడికి తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టి కళ్లలోకి చూశాడు. కనుగుడ్లు వాటంతటవే కొట్టుకున్నాయట. "వెస్టిబ్యూల్లో రేణువులు జారాయమ్మా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లు జ్ఞానేంద్రియాల పాఠం చెప్పినదాన్ని. లోపలి చెవిలో పేటిక, అర్ధవర్తుల కుల్యలు, కర్ణావర్తం ఉంటాయని బోర్డు మీద బొమ్మ గీసి పిలకాయల చేత వల్లె వేయించాను. ఆ పేటికే ఈ వెస్టిబ్యూల్! అందులో జిగురు పొర మీద సన్నని కాల్షియం కార్బొనేట్ రేణువులుంటాయి. చిన్నప్పుడు నువ్వు రామాయపట్నం ఒడ్డున ఏరుకొచ్చిన ఆల్చిప్పల్లో ఉండేదే. వయసు మీద పడితే కొన్ని ఊడి పక్కనున్న వంపు గొట్టం లాంటి కుల్యలోకి జారతాయి. తల కదిపినప్పుడు అవి దొర్లి, లోపలి ద్రవాన్ని కదిపి, మనిషి తిరుగుతోందని మెదడుకు అబద్ధం చెబుతాయి. డాక్టరు నా తలను ఒక వరసలో అటూ ఇటూ తిప్పి, ఒక్కోచోట కాసేపు ఆపి, వాటిని మళ్లీ పేటికలోకి దొర్లించాడు. పది నిమిషాల పని, ఒక్క మాత్ర లేదు. అమెరికాలో ఎప్లీ అనే డాక్టరు కనిపెట్టిన పద్ధతట. మొదట్లో తోటి డాక్టర్లే ఆయన్ని ఎగతాళి చేశారు. 1992లో ఆయన వ్యాసం అచ్చయింది, ఇప్పుడు అందరూ చేసేది అదే.

వెస్టిబ్యూల్ అంటే లాటిన్‌లో ఇంటి ముంగిలట, మన వసారా అనుకో. ఇంటికొచ్చి ఫోన్లో వెతికితే ఒంట్లో ఇట్టాంటి వసారాలు చాలానే ఉన్నాయి. ముక్కు రంధ్రాల్లో వెంట్రుకలుండే చోటొకటి. మీ నాన్న అద్దం ముందు నిలబడి వెంట్రుకలు పీకి పీకి పోయినేడు సెగ్గడ్డ తెచ్చుకున్నది అక్కడే. చిదమబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. అక్కడి చీము, అరుదుగానైనా, సిరల వెంట మెదడు దాకా పోగలదు. పెదవికీ చిగురుకీ మధ్య సందు ఇంకొకటి. మీ చిన్న మామ ఖైనీ దాచుకునే కొట్టు. అక్కడ తెల్లమచ్చ లేచింది, ముక్క తీసి పరీక్ష చేయించుకో అంటే పన్ను గీసుకుందంటాడు. పొగాకు వేలం చుట్టూ తిరుగుతూ పెరిగినవాడు నా మాట వింటాడా? నువ్వు చెప్పు, నీ మాటయితే వింటాడు.

ఇక మిగిలిన దాని గురించి రాయడానికి రెండు కాగితాలు చించాను.

సంక్రాంతికి పెరట్లో అరిసెల పిండి జల్లిస్తుంటే నువ్వు మెల్లగా చెప్పావు. పెళ్లయి ఏడాదిన్నర అయినా, అబ్బాయి దగ్గరికొస్తే సూదులు గుచ్చినట్టు మంట అని, అక్కడెవరో డాక్టరుకు చూపించుకుంటే అంతా బాగానే ఉందన్నదని. నేను జల్లెడ ఆపకుండానే "కొత్తలో అంతే, ఒక కాన్పయితే సర్దుకుంటుంది" అన్నాను. నువ్వింకేం మాట్లాడలేదు. పునరుత్పత్తి పాఠం వచ్చిన ప్రతిసారీ "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసిన టీచరమ్మనే గదా నేను. ఇంటి దగ్గర నా కూతురు అడిగితే అట్టా చెప్పాను.

యోని ద్వారం చుట్టూ ఉండే భాగాన్ని కూడా వెస్టిబ్యూల్ అనే అంటారు. అక్కడి నొప్పి మూడు నెలలు దాటి, వేరే కారణమేదీ దొరక్కపోతే దానికి వెస్టిబ్యులోడినియా అని పేరుంది. నా దగ్గర చదివిన పిల్ల ఒకతె ఒంగోలులో ఆడవాళ్ల డాక్టరు, నీ పేరెత్తకుండా అడిగాను. పైకి పుండూ వాపూ ఏమీ కనబడకపోవచ్చు, అందుకే బాగానే ఉందని పంపేస్తారంది. దూది చుట్టిన పుల్లతో ఒక్కోచోట మెల్లగా తాకి చూస్తే ఎక్కడ మంటో తెలుస్తుందట. కొందరికి మళ్లీ మళ్లీ ఫంగస్ వచ్చి పోయాక మొదలవుతుంది. కొందరికి గర్భం రాకుండా వేసుకునే మాత్రలతో సంబంధం ఉంటుంది. నువ్వు వేసుకుంటున్నావు గదా, డాక్టరు దగ్గర దాచకు. నొప్పికి భయపడి కటి కండరాలు బిగుసుకుపోతాయి, వాటిని వదులు చేయడానికి ఫిజియోథెరపీ ఉంది. మొద్దుబార్చే పూతమందు ఉంది. నా చెవిలాగా పది నిమిషాల్లో పోయేది కాదు, నెలలు పట్టొచ్చు. ఈలోగా వాసన సబ్బులూ, మందుల షాపులో అడిగి తెచ్చుకునే క్రీములూ మానెయ్. పంటి బిగువున ఓర్చుకోవద్దు. అబ్బాయికి నోటితో చెప్పలేకపోతే ఈ కాగితమే చేతికివ్వు. ఆయనేమీ అనుకోడు, అనుకున్నా నేను మాట్లాడతాను.

ఆ రోజు జల్లెడ పక్కన పెట్టి నీ మొహం చూసి ఉండాల్సింది తల్లీ.

గురువారం రాత్రి సింగరాయకొండలో రైలెక్కుతున్నాను. మజ్జిగ మిరపకాయలు ఇచ్చొస్తానని మీ నాన్నకు చెప్పాను, నిజంగానే తెస్తున్నాను. డాక్టరు గదిలోకి రమ్మంటే వస్తా, వద్దంటే బయట బెంచీ మీద కూర్చుంటా. కింది బెర్తే దొరికింది. కుడివైపు తిరిగి పడుకోనులే.

ఇట్లు,
అమ్మ