ఎముక లోపలి కథ కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

బిర్లా సైన్స్ మ్యూజియంలోని కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు మా విద్యార్థులు ఎప్పుడూ దాని పొడవు గురించే అడుగుతారు. అది ఎలా బతికిందో చెప్పేది మాత్రం ఎముక లోపలి నిర్మాణమే. ప్రాచీన సముద్ర సరీసృపాల విషయంలో ఇది మరీ నిజం. శిలాజ ఎముక నుంచి చిన్న ముక్క కోసి, గాజు పలకకు అతికించి, వెలుతురు దూరేంత పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, రక్తనాళాలు నడిచిన సన్నని దారులు వలలా అల్లుకుని కనిపిస్తాయి. ఇక్తియోసార్, ప్లీసియోసార్ అనే ఆ సముద్ర సరీసృపాల ఎముకల్లో ఆ వల దట్టంగా ఉండటం అవి వేగంగా ఎదిగాయనడానికి గుర్తు, బహుశా వాటి ఒంట్లో వేడి కూడా నేటి బల్లులకంటే ఎక్కువే. నడిసముద్రపు ఇక్తియోసార్ల ఎముకలు తిమింగలాల ఎముకల్లా స్పాంజిలా గుల్లగా ఉంటే, తీరపు లోతులేని నీళ్లలో తిరిగిన కొన్ని జీవులకు బరువైన, గట్టి ఎముకలుండేవి. మునిగి ఉండటానికి ఆ బరువే ఆసరా. కచ్‌లో దొరికి 2017లో వెలుగులోకి వచ్చిన ఇక్తియోసార్ గురించి పత్రికలు రాశాయి గానీ ఈ లోపలి సంగతులు తెలుగులో చాలా అరుదుగా కనబడతాయి. మీ విజ్ఞాన పుటలో బొమ్మలతో ప్రచురించగలరని కోరుతున్నాను.

– ఒక సైన్స్ ఉపాధ్యాయిని, నల్లకుంట, హైదరాబాద్