శనివారం బస్సు ఎందుకు రాలేదు, ఇకపై మన ట్రిప్పులు ఎలా ఉంటాయి

మా ట్రిప్పులకి అమ్మానాన్నల్ని పంపే సిడ్నీ తెలుగు కుటుంబాలందరికీ నమస్కారం.

పోయిన శనివారం సౌత్ కోస్ట్ (సిడ్నీకి దక్షిణాన ఉన్న సముద్రతీరం) ట్రిప్పు జరగలేదు. తెల్లారకముందే పారమట్టా స్టేషన్‌కి వచ్చినవాళ్ళు అటునుంచి అటే ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. డబ్బు తీసుకుని బస్సు పెట్టలేదని ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు. ఆ మాట నాకు చాలా గట్టిగా తగిలింది. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

నా లైసెన్సు మీద డ్రైవరుతో కలిపి 12 సీట్ల బండి వరకే నడపగలను. అంతకంటే ఎక్కువమంది ఉంటే డ్రైవరుతో సహా మినీబస్సు అద్దెకి తీసుకుంటాను. ఈ ట్రిప్పుకీ చాలా ముందే ఒక బస్సు కంపెనీతో మాట్లాడుకుని అడ్వాన్సు కట్టాను. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి కనుక్కుంటే, డ్రైవరు పేరు కూడా చెప్పి ‘టైముకి వచ్చేస్తాడు’ అన్నారు. రాత్రి అందరూ పడుకునే వేళకి ‘బస్సు కుదరడం లేదు’ అని ఒక మెసేజ్ పెట్టారు. కారణం చెప్పలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ రాత్రంతా ఇంకో బస్సు కోసం తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ లేపి అడిగాను. దొరకలేదు. ఫోన్లో దొరికినవాళ్ళకి విషయం చెప్పాను. దొరకనివాళ్ళు స్టేషన్‌కి వచ్చేశారు. ఆ బస్సుని ఎక్కువ కిరాయికి ఒక పెళ్ళివారికి పంపారని తర్వాత వాళ్ళ డ్రైవరే నాతో చెప్పాడు. అడ్వాన్సు వెనక్కి ఇచ్చారు గానీ, ఇచ్చిన మాటకి మాత్రం ఇప్పటికీ సమాధానం లేదు.

స్టేషన్ బెంచీ మీద గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. గుడికని ఇస్త్రీ పంచె కట్టుకున్నారు. పైన స్వెట్టరు, మంకీ క్యాప్, చేతిసంచిలో కొబ్బరికాయ. ‘పర్లేదు బాబూ, నువ్వేం చేస్తావు’ అన్నారు. ఆయన తిరుగు ప్రయాణం ఆ వారంలోనే. మర్నాడు నా వ్యానులో పట్టినంతమందిని హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళాను. మిగతా అందరి డబ్బూ సోమవారమే పూర్తిగా వెనక్కి వేశాను. ఇంకా అందనివాళ్ళు ఎవరైనా ఉంటే నాకు నేరుగా ఫోన్ చేయండి.

ఇక అసలు నిర్ణయం. పెద్ద బస్సు ట్రిప్పులు ఆపేస్తున్నాను. ఇకనుంచి నా వ్యానే, నేనే డ్రైవరు, పదకొండు మంది ప్రయాణికులు. సౌత్ కోస్ట్ ట్రిప్పు ఎక్కువగా మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఉంటుంది. వీకెండ్‌లో ఆదివారం ఒక్క ట్రిప్పే.

ఇది తేల్చుకోవడానికి నాకు చాలా కష్టమైంది. ‘శనివారం అయితేనే అన్నా, అమ్మతో నేనూ రాగలిగేది. వర్కింగ్ డే అయితే అమ్మ ఒక్కర్తే వెళ్ళాలి’ అని ఒకావిడ అన్నారు. ఆవిడ అన్నది నిజం. పైగా గుడి క్యాంటీన్ తెరిచేది ఎక్కువగా వీకెండ్‌లోనే. దర్శనం అయ్యాక అక్కడ వేడి దోసె తినడం మన పెద్దవాళ్ళకి ట్రిప్పులో సగం ఆనందం. ఇంకో కంపెనీ బస్సు ఇస్తామని వచ్చింది. బండిలో భోజనం తినకూడదట. గుడి దగ్గర అరగంటకి మించి ఆపరట. రెండ్రోజులు ఆలోచించి వద్దనేశాను. మోకాళ్ళ నొప్పులతో మెల్లగా మెట్లెక్కే మనిషికి అరగంటలో దర్శనం ఎలా అవుతుంది? అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మీ అమ్మానాన్నలు ఎక్కే బండి వస్తుందా రాదా అన్నది ఇంకెప్పుడూ ఇంకొకరి చేతిలో ఉండకూడదు.

వర్కింగ్ డే రోజున లాభాలూ ఉన్నాయి. బాల్డ్ హిల్ అనే కొండ మీద పార్కింగ్ కోసం చుట్లు తిరగక్కర్లేదు. పెద్ద రెక్కలు పట్టుకుని ఎగిరే హాంగ్ గ్లైడర్లు కొండ అంచు నుంచి సముద్రం మీదికి దూకుతుంటే తీరిగ్గా కూర్చుని చూడొచ్చు. గాల్లో ఎగరడం మీద ప్రయోగాలు చేసిన లారెన్స్ హార్‌గ్రేవ్ 1894లో పెట్టె ఆకారపు గాలిపటాలు కట్టుకుని గాల్లోకి లేచింది ఆ కిందున్న బీచిలోనే. ఆయన పేరు పెట్టిన రోడ్డు మీద రాళ్ళు విరిగిపడుతుంటే 2003లో దాన్ని మూసేశారు. తర్వాత కొండని వదిలేసి సముద్రం మీదుగా కట్టిందే సీ క్లిఫ్ బ్రిడ్జి. 2005లో తెరిచారు, పొడవు 665 మీటర్లు. ఇన్నాళ్ళూ బస్సులో దాన్ని దాటేసేవాళ్ళం. ఇప్పుడు ఒక చివర దింపుతాను, ఓపిక ఉన్నవాళ్ళు ఫుట్‌పాత్ మీద నడవొచ్చు. గాలి బాగా కొడుతుంది, శాలువా తప్పకుండా పంపండి.

నాన్ తియెన్ బౌద్ధాలయం సోమవారాలు మూసి ఉంటుంది కాబట్టి ఆ రోజు బయల్దేరం. చివరిగా కైమా ఊరు. అక్కడి బ్లోహోల్లో (అల తగిలితే నీళ్ళు పైకి చిమ్మే రాతి రంధ్రం) నీళ్ళు పైకి లేవాలంటే ఆగ్నేయం నుంచి అల బలంగా రావాలి. సముద్రం నెమ్మదిగా ఉన్న రోజు రాతి సందులో గురగుర శబ్దమే వినిపిస్తుంది. అది నా చేతిలో లేదు, దానికి డబ్బు వెనక్కి అడగొద్దని ముందే మనవి.

క్యాంటీన్ లేని రోజుల్లో పులిహోర, దద్ధోజనం మా ఇంటి నుంచే వస్తాయి. రేటు కొంచెం పెరుగుతుంది. సీట్లు తగ్గినా డీజిల్ ఖర్చు తగ్గదు కదా. ముందే డబ్బు కట్టి ఉన్నవాళ్ళకి మాత్రం పాత రేటే.

బ్లూ మౌంటెన్స్‌కి రైల్లో వెళ్దాం. పారమట్టాలో ఎక్కితే కటూంబాలో దిగడమే. అక్కణ్ణుంచి త్రీ సిస్టర్స్ అనే మూడు రాతి శిఖరాల దగ్గరికి లోకల్ బస్సు ఉంది. ట్రాక్‌వర్క్ (పట్టాల మరమ్మతు) ఉన్న శని, ఆదివారాల్లో రైలు బదులు బస్సులు వేస్తారు కాబట్టి ఇదీ వర్కింగ్ డేనే. శనివారం మీరూ రావాలనుకుంటే మాన్లీ ఫెర్రీ పెడుతున్నాను. సర్క్యులర్ క్వే నుంచి అరగంట. హార్బరు సముద్రంలో కలిసే హెడ్స్ దగ్గర బయటి సముద్రపు అల తగిలి పడవ ఊగుతుంది. కళ్ళు తిరిగేవాళ్ళు కింది డెక్కులో మధ్యన కూర్చుంటే మంచిది.

వచ్చే నెల తేదీలు ఈ శుక్రవారం పెడతాను. మొన్న ట్రిప్పు పోయినవాళ్ళకే మొదటి సీట్లు. పెద్దవాళ్ళ తిరుగు ప్రయాణం ఎప్పుడో కూడా చెప్పండి. దాన్నిబట్టి ఎవరిని ముందు తీసుకెళ్ళాలో చూసుకుంటాను.