మద్రాసు దస్త్రాలను చదివే తరాన్ని తయారుచేయాలి

సంపాదకులకు నమస్కారం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు కోస్తా, రాయలసీమ జిల్లాల పాలన మద్రాసు నుంచే సాగింది. కొన్ని దస్త్రాలు హైదరాబాదుకు తరలినా, ఆ జిల్లాల చరిత్రకు ఆధారమైన పత్రాలెన్నో నేటికీ చెన్నైలోనే ఉన్నాయి. 1909లో ఎగ్మూరులో నెలకొల్పిన మద్రాసు రికార్డు ఆఫీసు, అంటే నేటి తమిళనాడు ఆర్కైవ్స్, రెవెన్యూ బోర్డు కాగితాలను కాపాడుతోంది. ఈస్టిండియా కంపెనీ అధికారులైన కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతులు (గ్రామాల స్థానిక చరిత్రలు), సి.పి. బ్రౌన్ రాయించిన ప్రతులు 1869లో మొదలైన ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. వీటిని చదివి, వివరాలు రాసి, పరిశోధకుల చేతికి అందించగల యువతను మనం తయారుచేయడం లేదన్న ఆందోళనతో ఈ లేఖ రాస్తున్నాను.

ప్రబంధాలను చక్కగా అన్వయించగల ఎం.ఏ. విద్యార్థి కూడా కరణం లెక్కల ముందు మొదటి పుటలోనే ఆగిపోతాడు. అక్షరాలను కలిపి రాసే గొలుసుకట్టు రాతలో మాటల మధ్య ఎడం ఉండదు, భిన్నాలకు వేరే గుర్తులుంటాయి, పుట్టి, తూము వంటి కొలతలు సీమను బట్టి మారుతాయి. ఫసలీకి, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరానికి, 590 కలిపితేనే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఇవన్నీ పాఠ్యపుస్తకంతో రావు. తెలిసినవారి పక్కన కూర్చుని, అసలు పత్రాన్ని ముందు పెట్టుకుని నెలల తరబడి చదివితేనే అలవడతాయి. ఆ తెలిసినవారు ఇప్పుడు వృద్ధులు.

లిపి ఒక్కటే చాలదు. ఏ కచేరీలో ఏ వరుసలో పుట్టిన కాగితాలను ఆ వరుసలోనే ఉంచాలన్నది ఈ విద్యకు మూలసూత్రం. శిక్షణ లేని వ్యక్తి మంచి ఉద్దేశంతోనే ఒక కట్టను విప్పి విషయాలవారీగా సర్దితే, ఏ అర్జీకి ఏ ఉత్తర్వు జవాబో ఇక ఎవరూ చెప్పలేరు. 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ మొదలైన తర్వాత డిజిటలీకరణ మీద శ్రద్ధ పెరిగింది, సంతోషమే. కానీ తప్పు శీర్షికతో కంప్యూటర్‌లోకి ఎక్కిన పత్రం వెతికేవాడికి దొరకదు కనుక, దాన్ని చదివి సరైన వివరం రాసే మనిషి స్కానర్ కన్నా ముందు కావాలి.

జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) నడిపే ఏడాది డిప్లొమాలో సంరక్షణ, రికార్డుల నిర్వహణ నేర్పుతారు. అది విలువైన చదువే, కానీ తెలుగు గొలుసుకట్టు నేర్పే పని దానిది కాదు, మనది. పైగా పల్లె నుంచి వచ్చిన విద్యార్థి చేతిలో డబ్బు లేకుండా మహానగరంలో ఏళ్ల తరబడి పాత కాగితాల మధ్య ఎలా గడపగలడు? మనం గర్వంగా చెప్పుకునే ఆ సేకరణలు ఉచిత సేవతో పుట్టినవి కావు. మెకంజీ వద్ద కావలి సోదరులు ఉద్యోగులుగా పనిచేశారు. కడపలో బ్రౌన్ సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి గ్రంథాలను పరిష్కరింపజేశాడు. అప్పుడు ఒక్క అధికారి చేయగలిగింది ఇప్పుడు రెండు ప్రభుత్వాలు చేయలేవని నేను అనుకోను.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు మద్రాసు విశ్వవిద్యాలయ తెలుగు శాఖతో కలిసి, వసతితో కూడిన రెండేళ్ల ఫెలోషిప్‌లు ఏర్పాటు చేయాలి. మొదటి ఏడాది లిపి, లెక్కలు, పత్ర సంరక్షణతో పాటు, ఇక్కడి సిబ్బందితో కలిసి పనిచేయడానికి తగినంత తమిళం నేర్పాలి. రెండో ఏడాది ప్రతి విద్యార్థీ ఒక కట్టకు పూర్తి వివరణాత్మక సూచిక తయారుచేయాలి, దాన్ని విశ్వవిద్యాలయాలు పరిశోధనగా గుర్తించాలి. సూచిక రాయడం గుమాస్తా పని అన్న చులకన భావం వల్ల తెలివైన విద్యార్థులు ఇటు రావడం లేదన్నది నా అభిప్రాయం. శిక్షణ పూర్తిచేసినవారికి రాష్ట్ర ఆర్కైవ్స్ నియామకాలలో ప్రాధాన్యం ఇవ్వాలి.

ముందుగా ఒక్క జిల్లా దస్త్రాలతో, ఐదారుగురు విద్యార్థులతో మొదలుపెట్టినా చాలు. ఆ విద్యార్థుల భోజన వసతుల భారాన్ని చెన్నైలోని తెలుగు సంఘాలు పంచుకోవాలని, వచ్చే విద్యా సంవత్సరానికే ఈ ఫెలోషిప్‌ల ప్రకటన వెలువడేలా ఇరు ప్రభుత్వాలు చర్య తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు అధ్యాపకుడు, చెన్నై